దీర్ఘం రేపు

ఎర్రగుంట్ల రైలుగేటు పక్కన
రేకుల పందిరి నాది.
నాపరాయి మీద పేర్లు చెక్కుతా,
ఇండ్లవి, శంకుస్థాపనలవి,
ఎక్కువగా సమాధులవి.

నలభై ఏండ్లు ఈ రాయి నా మాట వినింది.
ఇప్పుడు చెయ్యి వినడంలేదు.
సిమెంటు గూడ్సు పోయేటప్పుడు ఈ రేకులు వణికినట్టు
ఉలి ఆనించేలోగా వేళ్లు వణుకుతాయి.
దెబ్బ కాస్త ఎక్కువైతే పొర లేస్తుంది,
వత్తు కాడ మొదలై పేరంతా తినేస్తుంది.
మొన్న ఒక క్రిస్టఫరును అట్లనే పోగొట్టినా.
రాయి ఖరీదు నేనే పెట్టుకున్నా.

ప్రార్థన చెయ్యలేదని కాదు.
కుదురు ఇయ్యమని మూడేండ్లు అడిగినా.
ఆయన చెయ్యి కుదర్చలేదు,
కొట్టు మూసెయ్యమనీ చెప్పలేదు.

పోయిన వారం కమలాపురం ఎలీషా సారు వచ్చినాడు,
భార్య రాయికి.
కాగితం మడత విప్పితే కీర్తన మొత్తం.
"సారూ, ఇది నాతో కాదు" అన్నా.
ఆ మాట నా నోట రావడం అదే మొదలు.
"కడపలో కంప్యూటరు మిషనుంది,
ఫోటో కూడా దించుతుంది, ఆడికి పొండి."
ఆయన పోలేదు.
ఎండలో నిలబడే పెన్ను తీసి
ఒక్కో వరుస కొట్టేస్తా వచ్చినాడు.
పచ్చిక పోయింది. నీళ్లు పోయినాయి.
లోయ కాడ పెన్ను కొంచేపు ఆగింది,
అదీ పోయింది.
ఆఖరికి పేరొకటి మిగిలింది, దయామణి.
"ఇదైతే అవుతుందా?"
"దినానికి రెండక్షరాలైతే అవుతుంది సార్."

ఆదివారం బల్ల కాడ గిన్నె అందుకుంటే
ద్రాక్షరసం అంచు దాటి చొక్కా మీద పడింది.
అయ్యగారు ఏమీ అనకుండా
నా మణికట్టు పట్టుకుని తాపినాడు,
చంటిపిల్లకు మందు తాపినట్టు.
సిగ్గుతో వచ్చి బెంచీ మీద కూచున్నా.
చొక్కా మీది మరక చూసుకుంటా ఉంటే తోచింది:
కొండ మీద రాతిపలకల మీద రాసినాడు,
అవి పగిలిపోయినాయి.
అందరూ రాళ్లు పట్టుకుని నిలబడిన దినాన
వంగి, దుమ్ములో వేలితో రాసినాడు.
ఏం రాసినాడో ఎవరూ దాచిపెట్టుకోలేదు.
గాలికి పోయింటుంది.
ఆ ఆడమనిషి మాత్రం బతికి ఇంటికి పోయింది.

ఇయ్యాల పొద్దున్నే మొదలుపెట్టినా.
ద కుదిరింది. పొట్ట కాడ కొంచెం వంకర.
పూడ్చడానికి లప్పం కలపలేదు, ఉండనీ.
మధ్యాన్నానికి య.
దీర్ఘం తియ్యబోతే ఉలి పక్కకు జారబోయింది.
ఆపేసినా.
ముందయితే పండ్లు కొరుక్కొని చెక్కేవాణ్ణి.

బకెట్టు నీళ్లు పోసి కడిగినా.
సాయంత్రం బస్సుకు సారు దిగినాడు.
తడి ఆరని రాయి మీదికి వంగి
ఉన్నకాడికి చదివినాడు,
"దయ."
కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.
"ఇంతవరకే అయింది సార్" అన్నా
ఉలి గుడ్డలో చుట్టుకుంటా,
"దీర్ఘం రేపు."