మెత్తని నీళ్లు

మా మర్రిగూడ బోరు నీళ్లల్ల
కందిపప్పు ఉడకనంటది.
గిలాస అడుగున తెల్లటి గార.
నా పండ్ల మీది గోధుమ చారలు
ఐదో తరగతి నుంచి నాతోనే ఉన్నయి.

డిస్కస్ జంటకు మాత్రం
మెత్తని నీళ్లే గావాలన్నడు నల్లగొండ ఖలీల్ భాయ్.
రేకుల మీది వానను డ్రమ్ముకు పట్టిన.
ఎండు బాదమాకులు రెండు నానేసిన.
పగిలిన కూజా మెడ తెచ్చి
తొట్టిల నిలబెట్టిన, గుడ్లు పెట్టుకుంటయని.

మొదటిసారి గుడ్లు తెల్లబడ్డయి.
రెండోసారి రాత్రి కరెంటు పోయి వచ్చింది,
ఆ వెలుగుకు బెదిరి
పెట్టినవి పెట్టినట్టే మింగేసినయి.

"చేపలకు వాన, నాకు బోరా?"
ఈదమ్మ అడిగింది ఒక్కసారే.
జవాబు దొరకలే.
తెల్లారి డ్రమ్ముకు ఇంకో నల్లా బిగించిన.

మూడోసారి,
దుప్పటి కప్పిన తొట్టి సందుల నుంచి చూస్తే
కండ్లు తప్ప ఒళ్లు లేని పిల్లలు
తల్లి పక్కలకు అతుక్కొని
దాని ఒంటి జిగురే తింటున్నయి.
అలిసినట్టుంది, ఒక్క దులుపు దులిపి
తండ్రి మీదికి తోలింది.

ఈదమ్మ గోడ పట్టుకొని
వంగని మోకాళ్లతోనే వంగింది.
"నీ పండ్లు చూపకు, జడుసుకుంటయి."

నోరు మూసుకొనే నవ్విన.