ఎనిమిదో చేప

లోపలికి వెళ్ళేముందు ఉంగరం తీసి గిన్నెలో వేస్తాను,
జడపిన్నులు, తాళంచెవులు, అమ్మమ్మ గడియారం.
ఇనుముతో చుట్టరికం ఉన్నదేదీ ఆ గడప దాటకూడదు.
బయట కల్లవేసి సరస్సు మూరెడు మందాన గడ్డకట్టింది.
పొద్దున తొమ్మిదైనా కువోపియోలో తెల్లవారలేదు.

నలభై ఏడు నా అరచేతిలో మత్తుగా పడుకుంది.
పేరు పెట్టకూడదని నియమం. పెట్టలేదు.
దాని ఎడమ చెవికి చిన్న గంటు ఉందన్నది మాత్రం
ఏ కాగితం మీదా లేని సంగతి, నాకు తెలుసు.
ముక్కుకి మందుగాలి, ఒంటికింద గోరువెచ్చని నీటిపరుపు,
పొట్ట దగ్గర ఊపిరి లెక్కపెట్టే బుడగ.
పసిదాన్ని ఉయ్యాల్లో వేసినట్టు
అయస్కాంతం నోట్లోకి తోస్తాను.

ఇక మోత.
రేకుల మీద వడగళ్ళు, తర్వాత వడ్రంగిపిట్ట,
ఆ తర్వాత ఎవరో మొండిగా తలుపు బాదుతున్నట్టు.
ఎలుక ఒంట్లో నీరంతా ఒక్కసారి తల తిప్పి
మళ్ళీ నెమ్మదిగా సర్దుకుంటుంది.
ఆ సర్దుకునే తీరే మాకు బొమ్మ,
ఊపిరికీ ఊపిరికీ నడుమ
దొరికిన కాస్త కదలనితనంలో.

మూడో రోజు, మెదడంతా బూడిదరంగు నెమ్మది.
ఏడో రోజు, చిన్నమెదడు లోతున నూకంత తెలుపు.
పద్నాలుగో రోజుకి నూక బియ్యపుగింజ అయింది.
మందు ఆపేశారు.
దాని పేరు నాకు తెలియదు, సీసా మీద అంకెలే.
ఎక్కడో ఒక మూర్ఛరోగి కోసం వండుతున్నారని విన్నాను.

పాత రోజుల్లోనైతే, తైస్తో అంటాడు,
మూడో రోజుకి పది, ఏడో రోజుకి పది, పద్నాలుగుకి ఇంకో పది.
పొట్ట కోస్తే తప్ప అక్షరం ముక్క దొరికేది కాదు.
ముప్ఫై ఏళ్ళు ఆయన అలాగే చదివాడు,
మైనంలో ముంచి, పొరలు తీసి, రంగు అద్ది.
ఒక ప్రాణానికి ఒకే పేజీ.
నలభై ఏడుకి అయిదు పేజీలు రాసిపెట్టి ఉన్నాయి.
ఆయనకు నమ్మకం లేదు.
"నువ్వు చూసేది నీళ్ళ నీడ, సిర్కా. నేను చూసేది కణం."

పందెం కాసిందీ ఆయనే.
ఒక శుక్రవారం, పనయ్యాక, కలకుక్కో తెచ్చాడు.
చేపల్ని కడుపులో దాచుకుని రాత్రంతా పొయ్యిలో మగ్గే
మా ఊరి రై పిండి రొట్టె.
ఎలుక గొట్టంలో పట్టేంత సన్నగా చేయించాడు.
కొయ్యకుండా చెప్పు, ఎన్ని చేపలు?
తెర మీద కొవ్వు మెరిసింది, వెన్నుపూసలు నల్లగీతలయ్యాయి.
రెండుసార్లు లెక్కపెట్టాను. ఏడు.
అయస్కాంతానికి అందనంత దూరం నడిచి
ఆయన కత్తి తీశాడు.
ఎనిమిది.
ఎనిమిదోది అడుగున, ఇంకో చేపను కరుచుకుని ఉంది.
ఎలుకల చోటికి వెళ్ళొచ్చింది కదా, తినకూడదు, పారేశాం.
మంచి రొట్టె దండగైందని చాలాసేపు గొణిగాడు.

ఇరవై ఎనిమిదో రోజు, గింజ మళ్ళీ నూకయింది.
నలభై రెండో రోజు, లేదు.
వెతికాను. లేదు.
నలభై ఏడు మత్తు వదిలి మీసాలు దువ్వుకుంది.
ఆ సాయంత్రమే దాని వంతు.
బొమ్మ నిజం చెప్పిందా అంటే, ఇప్పటికీ కత్తే సాక్షి.
మరి నువ్వు దేన్ని కాపాడినట్టు? అంది మా అక్క అయిలా,
ఆవిరిగదిలో, రాళ్ళమీద నీళ్ళు చల్లుతూ.
మా కింది అంతస్తులో పంజరాల వరస ఒకటి ఖాళీగా ఉంటుంది.
అక్కడ చూపించడానికేమీ లేదు.
చూపించాల్సింది అదే, ఎలా చూపించను?

పదిరోజుల తర్వాత తైస్తో పిలిచాడు.
సూక్ష్మదర్శిని పక్కకి జరిగి చోటిచ్చాడు.
మానిపోయింది, దాదాపుగా.
కానీ ఒక మూల, లేసు అల్లికలో జారిన కుట్ల లాంటి
మూడు నాలుగు చిల్లులు,
నా తెరమీది ఒక్క చుక్కలో వంద పట్టేంత చిన్నవి.
"ఎనిమిదోది," అన్నాను.
ఆయన నవ్వలేదు.
ఎక్కడ కోయాలో ఆ బొమ్మే చెప్పిందని
నివేదికలో తన చేత్తో రాశాడు, నా పేరు అక్షరం తప్పుతో.

ఎడమ చెవి గంటు గురించి ఎవరూ అడగలేదు.