నలభై పేజీలు ఓపిక పట్టు

ఆస్ట్రేలియా పడమటి అంచున, జెరాల్డ్‌టన్‌లో
నాణేలు మింగే లాండ్రీ ఒకటుంది.
ఆదివారం రాత్రి ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ దిగి
వారం మురికినంతా మూట కట్టుకుని వెళ్తాను.
పెద్దరొయ్యల పడవలవాళ్ళ జెర్సీల వాసన
ఎన్నిసార్లు ఉతికినా ఆ గోడల్ని వదలదు.
సబ్బుపొడి డబ్బాల పక్కన ఒక అర,
అందులో ఎవరో వదిలేసిన నవలలు,
ఉప్పుగాలికి ఉబ్బి, అప్పడాల్లా వంకర్లు తిరిగి.

మొదటిసారి తీసినదాంట్లో చీటీ ఉంది.
అక్షరాలన్నీ గ్రెనఫ్ మైదానంలో చెట్లలా
గాలి తోసినవైపే నేలకి ఒరిగి:
"మొదటి నలభై పేజీలు ఓపిక పట్టు.
ఆ తర్వాత ఓడకి ప్రాణం వస్తుంది. ఇట్లు, ఆర్."

పట్టాను.
నలభై మూడో పేజీలో, చుక్కల మధ్య, ఓడ దగ్గింది.
డ్రయ్యర్ ఎప్పుడాగిందో తెలీదు,
దుప్పటి చల్లారిపోయింది.
చీటీ వెనక ఒక్క మాట రాసి పెట్టాను: "ఇంకోటి?"

ఆడో మగో, ముసలో పడుచో,
ఆ ఆర్. నాకు వారం వారం ఒక లోకం వదిలేవారు.
అద్దాలు తినే రాణి.
నిద్రని పన్నుగా కట్టే ఊరు.
మూడొందల పేజీలూ మెట్లే ఉన్న నవల ఒకటి,
దాని చీటీ: "ఎక్కడికీ వెళ్ళదు. అయినా ఎక్కు."
పథ్యం చెప్పే వైద్యుడిలా ఇంకోదానికి:
"జ్వరంలో మాత్రం చదవకు."

ఒకటి నచ్చలేదు.
ఆ మాట రాయడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.
వండి వడ్డించిన మనిషి ఎదుట
ఉప్పు తక్కువైందని ఎలా అంటాం?
"ఏమనుకోవద్దు, ఆ మాంత్రికుడు మరీ మంచివాడు."
జవాబొచ్చింది: "నాకూ అంతే. నీ నాలుక చూద్దామని పెట్టా."

అప్పుడు గుర్తొచ్చారు వీరరాఘవులు గారు.
తెనాలి, గంగానమ్మపేట, అద్దెపుస్తకాల బడ్డీ, రోజుకి పావలా.
అట్ట చూడనిచ్చేవారు కాదు,
నా మొహం చూసి పుస్తకం తీసేవారు:
"పట్టుకెళ్ళు. నచ్చకపోతే పావలా నాది."
అలా ఇచ్చినదే, అట్టా లేదు, రాసినవారి పేరూ లేదు:
ఉప్పు కొటార్లలో పనిచేసే నాంచారమ్మ
కుంటి గాడిదని తోలుకుని
చంద్రుడి మీదికి ఉప్పు అమ్మబోతుంది.
అక్కడి జనానికి రుచే తెలీదు.

ఆ పుస్తకం ఇంగ్లీషులో లేదు. తెలుగులోనూ ఇప్పుడు ఉండి ఉండదు.
చెదలు తినగా మిగిలింది
నేను మరవగా మిగిలింది
ఉన్నదంతా నా దగ్గరే.
లేని పుస్తకాన్ని చదవమని చెప్పడం ఎలా?
ల్యాబులో పారేసే లేబుళ్ళ వెనక
వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టాను:
"మొదటి నాలుగు చీటీలు ఓపిక పట్టు."
కొటారుకి మాట దొరక్క బొమ్మ గీశాను.
గాడిద కుంటడానికి మాత్రం మాటలు దొరికాయి.

ఆర్. ఒక్క ముక్కే రాసేవారు: "తర్వాత?"
దానికోసం ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికిన వారాలున్నాయి.

ఈ రాత్రి అరలో మూడో చేతిరాత.
పెన్సిలు. ఒక్కో అక్షరం బెండకాయంత. రెండు స్పెల్లింగులు తప్పు.
"చంద్రుడి మీద గాడిదకి నీళ్ళు ఎవరు పెట్టారు?"
దాని కింద ఒరిగిన అక్షరాలు: "నాకూ అదే అనుమానం."

ఆ పేజీలు నా దగ్గర లేవు.
అప్పట్లోనే లేవు. వెళ్ళి అడిగితే వీరరాఘవులు గారు
"చెదలకీ కథలిష్టమే పాపా" అని నవ్వి
ఆ రోజు పావలా తీసుకోలేదు.

యంత్రంలో నా తెల్లకోట్లు సుడి తిరుగుతున్నాయి.
ఇంకా పద్దెనిమిది నిమిషాలు.
పెన్ను మూత తీసి కూర్చున్నాను.
దాహంతో ఉన్న గాడిద ఒకటి
నావైపే చూస్తోంది.