గోడ అవతలి పడవ

ఫారో దీవుల్లో చెట్లుండవు,
గాలికి అడ్డం మేమే.
శనివారం మధ్యాహ్నం రెండున్నరకి
హోగ్ని మామయ్య వదిలిపోయిన పడవలో
గోల్‌పోస్టు వెనక, సముద్రంలో, కూర్చుంటాను.
పని చిన్నది.
గోడ దాటి వచ్చిన బంతిని వలతో ఎత్తి
తుడిచి వెనక్కి విసరడం.
కూలి ఆటకో ఎండు చేప, ఒక ఫ్లాస్కు కాఫీ.
గెలిచిన రోజు రెండో ఫ్లాస్కు.

ఇక్కడికి ఆట కనబడదు.
గడ్డి మొలిచిన ఇంటికప్పుల మీది గొర్రెలకే
నాకంటే బాగా తెలుసు స్కోరు.
నాకు వినబడేది ఒక ఈల, ఒక అయ్యో,
ఆపైన ఆకాశంలోంచి ఊడిపడే తెల్లటి తప్పు.

పదకొండేళ్లలో తప్పుల్ని పోల్చుకోవడం వచ్చింది.
కోపంతో తన్నింది దూరంగా పడుతుంది,
బుడుంగున మునిగి లేస్తుంది.
భయంతో తన్నింది గోడ వారనే పడి
రాళ్ల సందున బిక్కుబిక్కుమంటుంది.
గొప్పకి తన్నిందాన్ని గాలి ఎత్తుకుపోతుంది,
దాని వెంట అరగంట తెడ్డు వేయాలి.

కొత్తలో, బంతి పోతే ఆట ఆగుతుందనుకుని
అరచేతులు బొబ్బలెక్కేలా వేశాను.
తెచ్చేసరికి ఇంకో బంతితో ఇంకో గోల్ అయిపోయింది.
ఏడ్చానని మామయ్యకి చెప్పలేదు. ఆయనే అన్నాడు:
"ఆగదు రన్‌వా. ఆగదు గనకే తెచ్చిపెట్టాలి.
రెండో బంతీ పోతుంది కదా."

ఆట నీకేం నేర్పిందని బడిపిల్లలు అడిగారోసారి.
తెడ్డు వేయడం, అన్నాను.
నవ్వారు.
నవ్వించడానికి అనలేదు నేను.

పోయిన శనివారం సంగతి చెప్పాలి.
ఎనభై తొమ్మిదో నిమిషం, పెనాల్టీ.
చుక్క మీద పెట్టిన బంతి పెట్టినట్టే దొర్లిపోతోంది.
అలాంటప్పుడు మా దగ్గర
ఒకడు బోర్లా పడుకుని బంతిని వేలితో పట్టుకుంటాడు.
తన్నేవాడి బూటు
ఆ వేలికి అంగుళం పక్కనుంచి పోతుంది.

తన్నేది హేయిన్.
పట్టుకోడానికి వచ్చింది తమ్ముడు త్రోందుర్.
తండ్రి గొర్రెల్ని పంచుకున్ననాటి నుంచి
పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే ఇద్దరు.
ఆ పచ్చగడ్డి మీదే ఒకడు పడుకుని ఉన్నాడు.

నియమం తప్పి, తెడ్డు గోడకి ఆనించి
పడవలో లేచి నిలబడ్డాను.
త్రోందుర్ కళ్లు మూసుకోలేదు.
వేలు తీయలేదు.
హేయిన్ మూడడుగులు వెనక్కి వేశాడు,
ఆగాడు,
ఇంకో అడుగు వేశాడు.
ఆ నాలుగో అడుగు దేనికో నాకు తెలుసు అనుకుంటాను.

బంతి నా తల మీదుగా పోయింది.

వేలికి తగలకూడదని బూటు ఎత్తాడా,
గాలా, చేతకానితనమా,
ఊరు వారంగా తేల్చుకోలేకపోతోంది.
నేను తెడ్డు అందుకున్నాను.
వెనక చివరి ఈల. ఓడిపోయాం.

పక్షుల కొండ కింద దొరికింది,
దాని పక్కనే ఇంకోటి,
ఏ ఏటిదో, గాలి తీసి, గుల్లలు పట్టి.
తిరిగొచ్చేసరికి మైదానం ఖాళీ,
కాఫీ చల్లారిపోయింది.
ఒడ్డున మాత్రం ఇద్దరు.

తాడు విసిరాను.
ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు, ఎవడూ వదల్లేదు.
మాట్లాడుకున్నారని కాదు.
లాగేటప్పుడు ఒకడు ఊఁ అన్నాడు,
కాసేపటికి రెండోవాడు ఊఁ అన్నాడు.
పడవ రాళ్ల మీదికి వచ్చింది.

గుల్లల బంతిని కిటికీలో పెట్టాను,
ఇల్లంతా సముద్రం వాసన.
వచ్చే వారం మళ్లీ ఆట ఉంది.
వలలో ఒక చిరుగు,
రేపు కుట్టాలి.