ఎనిమిదో సీటు

ప్రాలాన్ రేవులో పొద్దున్న ఏడున్నర.
పడవకి ఎనిమిది మందే, అది దీవి వాళ్ల లెక్క.
ఏడుగురు పరదేశం వాళ్లు,
మెడల్లో బైనాక్యులర్లు, ముక్కుల మీద తెల్లటి క్రీము.
ఎనిమిదో మనిషి ఫిలొమేన్ అవ్వ.
చర్చికి వేసుకునే నీలం గౌను,
చంకలో పాలడబ్బా, డబ్బాలో జానెడు నిమ్మ మొక్క.

నేను తాడు విప్పేవాణ్ణి, లైఫ్ జాకెట్లు బిగించేవాణ్ణి,
వాంతులకి బకెట్ అందించేవాణ్ణి.
పదకొండేళ్లుగా జనాన్ని ఆ దీవి దాకా తీసుకెళుతున్నాను,
ఒక్కసారీ కాలు పెట్టలేదు.
పడవ దగ్గర ఒకడుండాలి. ఆ ఒకణ్ణి నేను.

గంటన్నర ప్రయాణం. అలలు ఒళ్లు విరుచుకుంటున్నాయి.
జర్మనీ ఆయన అరగంటకే బకెట్ అడిగాడు.
అవ్వ మాత్రం నిటారుగా,
మొక్కకి ఉప్పునీరు తగలకుండా గౌను అంచు కప్పి.
"అక్కడే పుట్టాను" అంది, నాకే వినపడేట్టు.
"అప్పుడది కొబ్బరితోట. నాన్న కురిడీలు ఎండబెట్టేవాడు.
పక్షులా? వాటి గుడ్లతో అట్లేసుకునేవాళ్లం."

మా పడవ ఆ నేలని తాకకూడదు.
ఒడ్డు ఇంకా రెండు వందల గజాలుండగానే లంగరు.
దీవికి దాని సొంత రబ్బరు పడవ ఉంది,
అది వచ్చి మనుషుల్ని ఎక్కించుకుంటుంది,
సంతలో మేకల్ని ఎంచినట్టు ఎంచి.
వార్డెన్ పిల్ల ఎల్వినాకి ఇరవై రెండేళ్లుంటాయి.
బూట్ల అడుగులు బ్రష్షుతో తోమింది,
జేబులు తిరగదీయించింది, సంచులు దులిపించింది.
ఎలుకా? చీమా? విత్తనమా?
ఒక్క చూడి ఎలుక చాలట
కొండ మీది గూళ్లన్నీ ఖాళీ అయిపోవడానికి.

అవ్వ డబ్బా చూపించింది.
"మా అమ్మ వంటింటి వెనక ఉండేది. దాని మనవరాలిది."
ఎల్వినా మొక్కని చూసింది, అవ్వని చూసింది.
"మీరు రావచ్చు అవ్వా. అది రాకూడదు."

అవ్వ వాదించలేదు.
పనికి పోయే తల్లి చంటిదాన్ని అప్పగించినట్టు
డబ్బా నా చేతికిచ్చింది.
రబ్బరు పడవ అల వీపెక్కి
ఒక్క ఊపున ఇసుక మీదికి దూసుకుపోయింది.
నీలం గౌను ఒక్క క్షణం గాల్లో.

తర్వాత ఆరు గంటలు నేనూ, నిమ్మా.
ఎండ జరిగినప్పుడల్లా డబ్బా జరిపాను.
నా సీసాలో నీళ్లు సగం పోశాను.
దీవి మీంచి పక్షుల రొద,
పెద్ద మూకుడులో ఏదో వేగుతున్నట్టు, ఆగకుండా.
కెప్టెన్ గురక పెట్టాడు.
ఒక ఆకు వాసన చూశాను. తెంపకుండానే.

నాలుగింటికి తిరిగొచ్చారు
దోమకాట్లు గోక్కుంటూ, ఫోటోలు చూపించుకుంటూ.
అవ్వ మోకాళ్ల దాకా తడి.
"ఇల్లు కనపడిందా?"
"పొయ్యిరాళ్లు మూడు. వాటి కింద బొరియ,
బొరియలో సముద్రపక్షి కాపురం.
రాత్రిళ్లు పసిపిల్లలా ఏడుస్తుందట.
అద్దె ఎప్పుడిస్తావే అని అడిగాను."
నవ్వింది. నవ్వి,
చాలాసేపు నీళ్లకేసి చూసింది.

ఇంకొకటుందట. తెల్లపక్షి, ఒంటి మీద మచ్చ లేదు.
గూడు కట్టదు. పుల్ల ఏరదు.
ఒట్టి కొమ్మ మీద కాస్త పల్లం చూసుకుని
ఒకే ఒక్క గుడ్డు.
"పడిపోదా?"
"చెయ్యి చాపు" అంది.
నా ఎడమ మణికట్టు పైన,
తాడు ఒరుసుకుని నల్లబడ్డ చోట వేలు పెట్టింది.
"ఇదిగో. ఇక్కడ. గాలి వీస్తూనే ఉంది.
కదలకు."

రేవు దగ్గరపడింది. తాడు విసరాలి.
కుడిచేత్తోనే విసిరాను,
కుడిచేత్తోనే ముడేశాను, వంకరగా.
"ఏమయిందిరా ఆ చేతికి?" అరిచాడు కెప్టెన్.

అవ్వ డబ్బా చంకనెట్టుకుని మెట్లెక్కుతోంది.
నేనింకా ఎడమచెయ్యి చాపే ఉన్నాను.