తేదీ ఉన్న తీరం

టాంటన్‌లో సముద్రం లేదు.
ఉన్నదల్లా టోన్ అనే ఓ సన్నపాటి ఏరు,
దాని పక్కన క్రికెట్ మైదానం,
ఊరి చివర మా ఆఫీసు.
లోకంలోని సముద్రాలన్నీ
ఇక్కడ సొరుగుల్లో వెల్లకిలా పడుకుని ఉంటాయి.

నా బల్ల మీదికి వచ్చేది అట్టడుగు భాగం.
అరవై ఐదు డిగ్రీల దక్షిణం దాటాక
పటం మీద అంకెలు పలచబడతాయి,
ఆపైన అంతా తెలుపు.
చేరిన కొత్తలో ఆ తెలుపు మంచేననుకున్నాను.
డెరెక్ చిడ్జీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు:
"మంచు కాదు.
మనకు తెలీదని ఒప్పుకోవడం."

ఏ తీరానికైనా పేరుంటుంది.
మంచు తీరానికి తేదీ కూడా ఉంటుంది,
గీత పక్కనే, చీమల్లాంటి అక్షరాల్లో, ఫలానా సంవత్సరం అని,
పాల సీసా మీద వేసినట్టు.

డెరెక్ కాలంలో ఊదా సిరాతో దిద్దేవారట.
"ఆ అఖాతం మూలని
నా సర్వీసులో ఒక్కసారే ముట్టుకున్నాను"
అన్నాడు రిటైరయిన రోజు,
కేకు ముక్క ప్లేటులో అలాగే ఉంచుకుని.
నేను, ఈ మూడేళ్ళలో, నాలుగుసార్లు.

మంగళవారం ఓడ నుంచి కొలతలు వచ్చాయి.
నిరుడు మంచుగోడ ఉన్న చోటు మీదుగా
తిన్నగా వెళ్ళిపోయిందది.
కిందికి వదిలిన శబ్దం తిరిగొచ్చి చెప్పింది:
నాలుగు వందల పన్నెండు.
నాలుగు వందల ముప్ఫై.
ఐదు వందల ఆరు.
ఎవరూ ఎన్నడూ కొలవని లోతులు.
తెర మీద ఒక లోయ విచ్చుకుంది,
దాని నేల మీద మంచు ఈడ్చుకుపోయిన చారలు,
ఇంకా తడారని దుక్కిలా.

నిజం చెప్పొద్దూ,
ఒళ్ళు పులకరించింది.
టీ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.
తర్వాత సిగ్గేసింది,
చావు జరిగిన ఇంట్లో బీరువా తెరిచి
ఎంత బాగుందీ చీర, అన్నట్టు.

పూడిమడకలో మా పెదమామ
వలతాళ్ళు బారల్లో కొలిచేవాడు.
బార అంటే చాచిన రెండు చేతుల మేర.
ఇక్కడి పాత పటాల్లోనూ అదే కొలత అని
తెలిసిన రోజు గొంతుకేదో అడ్డం పడింది:
ఎక్కడివాళ్ళయినా సముద్రాన్ని
కావలించుకునే కొలిచారన్నమాట.
ఇప్పుడు మీటర్లు. మీటర్లకి దశాంశాలు.

పాత గీత చెరిపేశాను.
చెరపడానికి ఒక మీట చాలు.
కొత్తది గీశాను, పదకొండు కిలోమీటర్లు వెనక్కి.
పక్కన సంవత్సరం వేస్తుంటే చెయ్యి ఆగింది.
నెల కూడా వెయ్యాలేమో?
నియమావళిలో నెలకి చోటు లేదు.

సాయంత్రం వాన.
వంతెన మీద ఆగాను.
ఏటి ఒడ్డున రాతిమెట్లు
పొద్దున్న ఏడు కనిపించాయి.
జనం తలలు దించుకుని బస్సు వైపు పరుగెత్తుతున్నారు.
గొడుగు చంకలో ఇరికించుకుని
రెండు చేతులూ కాస్త చాచాను,
ఎవరైనా చూస్తారేమోనని
వెంటనే ముడిచేసుకున్నాను.

ఐదు మెట్లు.