చూసినోనికి రెట్టింపు

బల్లార్షాల ఆదివారం రాత్రి
కాగితం మిల్లు వాసన కిటికీలకెల్లి లోపలికొస్తది.
మూసినా వస్తది.
మా క్వార్టర్ల నేల మీద పాత దుప్పటి,
దుప్పటి నడుమ యాభై రెండు ముక్కలు.
ఇస్పేటు నాలుగు ఎప్పుడో పోయింది,
దాని జాగల జోకర్ మీద పెన్నుతోని రాసుకున్నం.

నలుగురం కూసుంటం.
వాంఖడేకు మంచి ముక్కలు పడితే మీసం ముట్టడు,
పడకపోతే దువ్వుతడు.
పోచమల్లుకు జోడీ వస్తే దాహమైతది.
ఇరవై రెండేండ్ల సంది చదువుతున్న,
ఏ పేజీల ఏమున్నదో నాకెరుకే.
కొత్తగ బాయిల చేరిన బానేశ్ మాత్రం
ముక్కలు ఎత్తనే ఎత్తడు.

"బ్లైండ్" అంటడు, పది.
మళ్ల "బ్లైండ్", ఇరవై.
పుట్నాలు నములుకుంట
ముక్కల మీద స్టీలు గ్లాసు బోర్లిస్తడు.
ఎవని మొఖం జూడాలె నేను?
వానికే తెల్వనిది
వాని మొఖంల ఎట్ల దొరుకుతది?

ఆట ధర్మం సుత గట్లనే ఉన్నది మరి:
చూడనోడు పది పెడితే
చూసినోడు ఇరవై కట్టాలె,
పైగా బ్లైండోని మీద షో అడుగరాదు.

మొదటి వారం నా చేతిల రెండు రాణులు.
దబాయించిన.
దగ్గిన, నోటు మడత విప్పి మరీ పెట్టిన.
వాంఖడే అయితే ఎప్పుడో దండం పెట్టేటోడు.
వీడు ఇంకో పుట్నాల పలుకు నోట్లెకు ఎగిరేసి
"బ్లైండ్" అన్నడు.
ఆఖరుకు నేనే పారేసిన.
గ్లాసు తీసి తిప్పి జూపెట్టిండు:
రెండు, ఏడు, తొమ్మిది,
ఒకదానికొకటి చుట్టం గాదు.
"ఏమొచ్చినట్టు కాకా?" అని నన్నే అడిగిండు.

"ఇదొక ఆటనా" అని పోచమల్లు లేసిపోయిండు.
నేను పోలేదు.
బాయిల నేను సర్దార్‌ను.
పైకప్పు కింద అడుగు పెట్టే ముందు
కర్రతోని కొట్టి వింట.
గట్టి బండ గంటోలె పలుకుతది,
వదిలిన బండ డప్పోలె.
నేను వినెదాక ఆగకుండ
బానేశ్ ఆ కొసకు పొయ్యి ఈల వేస్తుంటడు.

భయం తెల్వనోని ముందట పులి వేషమెందుకు?
వేషం ఇప్పేసిన.
మూడు ఆదివారాలు పారేసుడే పని.
పది పోయె, పది పోయె, చాయ్ తాగుడు, పది పోయె.
నాలుగో వారం
మూడు పదులు ఒక్కతాన వచ్చినయి.
దగ్గలేదు. పెంచలేదు.
వాడు ఎంత పెడితే దానికి రెట్టింపు, మెల్లగ,
కిరాణం బాకీ కడుతున్నట్టు.
వాని అంగీ జేబు ఒడిసింది,
ప్యాంటు జేబు ఒడిసింది,
ఫోను కవరు ఎన్కకెల్లి
నాలుగు మడతల ఐదువందలు తీసిండు.
షో వాడే అడిగిండు.

నవ్విండు ముందుగాల.
తర్వాత "అది గ్యాసు బండ పైసలుండె" అన్నడు,
ఎవలితోని అన్నట్టు గాదు.
చెప్పులేసుకుంట దర్వాజ కాడ ఆగి,
"నాకు నేర్పుతవా కాకా?"

నేర్పుడంటే ఏమున్నది దీంట్ల?
ఎత్తి సూడమని చెప్పాలె, గంతే.
చూసినంక కాళ్లల్ల వణుకు దానంతటదే వస్తది,
వణుకు వస్తే వాడు సుత నాకు చదవొస్తడు.
ఇది నాకు ఎరుకే ఉన్నది.
ఎరుక ఉండే చెప్పిన.

పోయిన ఆదివారం ఎత్తిండు.
రెండు చేతుల నడుమ పిట్టపిల్లను పట్టినట్టు.
చెవి తమ్మెలు ఎర్రగైనయి.
నా చేతిల ఐదు, ఎనిమిది, జాకి.
ఒక్కసారి దగ్గిన. ఇరవై పెట్టిన.
పారేసిండు.
డెబ్బై రూపాయలు నా దిక్కు గుంజుకున్న.
మల్లొచ్చిన పోచమల్లు
"ఇగ ఆటల పడ్డడు పోరడు" అని మెచ్చుకున్నడు.

సోమారం మొదటి షిఫ్టుల
బానేశ్ నా చేతికెల్లి కర్ర అడుక్కున్నడు.
పైకప్పును కొట్టి
చెవొగ్గి నిలబడ్డడు, శానా సేపు.
నేను నా టోపీ లైటును
వాని మొఖం దిక్కు తిప్పలేదు.